రెండూ కావాలి

ఫిబ్రవరి 3

నా అర్ధమొగుడికి,

అలా పిలిస్తే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. మండనీ. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. మీ అన్నయ్య పోయాక నాకు మిగిలిన సగం నువ్వే. ఇంకెవరికి రాసుకోను?

నీ అడ్రసు మన వీధి మందులషాపావిడ పంపింది. ఆవిడ చెల్లెలు నిన్ను ఏదో హోటలు లాండ్రీలో చూసిందట. "ఇస్త్రీపెట్టె పట్టుకుని ఎవరితోనో పోట్లాడుతోంది" అని చెప్పిందట. ఆ మాట వినగానే నమ్మాను, అది నువ్వేనని. అత్తయ్య అయితే ఏడుస్తూ నవ్వింది.

ఊరు తగలబడి పారిపోయిన ఆ రోజు, సరిహద్దు తోపులాటలో అత్తయ్య చెయ్యి నా చేతిలో ఉంది, నీ కూతురు టపాకాయ చెయ్యి నీ చేతిలో ఉంది. సైనికుడు మధ్యలో తాడు కట్టి, ఇటువాళ్ళు ఈ బస్సు, అటువాళ్ళు ఆ బస్సు అన్నాడు. అంతే. ఒక తాడు మనల్ని రెండు దేశాల పాలు చేసింది. బస్సు దిగాక నీకోసం ఎంత వెతికామో రాస్తే ఈ కాగితం చాలదు.

మేం ఉన్నది ఒకప్పటి నర్సుల హాస్టలు. నాకూ అత్తయ్యకీ కలిపి ఒక గది. రెండు మంచాలు, ఒక కిటికీ, కిటికీలోంచి ట్రామ్ తీగలు. ఇక్కడి ప్రభుత్వం మమ్మల్ని "శరణార్థులు" అని కార్డు ఇచ్చి గుర్తించింది. మూడు పూటలా తిండి వాళ్ళదే, డాక్టరు వాళ్ళే, భాష నేర్పే మాస్టారూ వాళ్ళ మనిషే. పిల్లలందరికీ బడి. అత్తయ్యకి ఒక కంటి ఆపరేషన్ ఉచితంగా చేశారు. కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి "ఇంత ముసలిదానివయ్యావేమే" అంది. చూపు వచ్చిందని సంతోషించాలో, వచ్చి చేసిన నిర్వాకానికి ఏడవాలో తెలియలేదు.

ఒక్కటే తక్కువ. పని చెయ్యకూడదు. ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కిన కాళ్ళు మంచం కింద ఊరికే ఊగుతుంటాయి. ఆర్నెల్లు ఆగితే పనికి అనుమతి ఇస్తామన్నారు. ఆగుతున్నాను.

ఎలా ఉన్నావు? ఫోన్ చెయ్యవేం? టపాకాయ ఏ క్లాసులో చేరింది? వెంటనే రాయి.

ముసలిదాన్నట, నీ వదిన


ఫిబ్రవరి 26

వదినా,

నీ ఉత్తరం మా మేస్త్రమ్మ తెచ్చి మడతపెట్టిన దుప్పట్ల మీద పడేసింది. చేతిరాత చూసి వాటిమీదే పడి ఏడ్చాను. తడిసిన దుప్పట్లు మళ్ళీ ఉతకాల్సి వచ్చింది.

ఫోన్ ఎందుకు చెయ్యనంటే, ఇక్కడ గుర్తింపుకార్డు లేకపోతే సిమ్ ఇవ్వరు. కార్డు ఎందుకు లేదంటే, ఇక్కడ మేం శరణార్థులం కాదు. "అతిథులం". ప్రభుత్వం పెట్టిన పేరు. వినడానికి ఎంత తియ్యగా ఉందో చూడు. అతిథికి ఇల్లు ఇవ్వరు, తిండి పెట్టరు. రేపు పొమ్మంటే పోవాలి, అంతే. కానీ పని చెయ్యొద్దని మాత్రం ఎవరూ అనలేదు. బస్సు దిగిన మర్నాడే లాండ్రీలో చేరాను. ఆవిరిమిషను ముందు నిలబడితే సాయంత్రానికి నేనే ఇస్త్రీ అయిపోతాను. అయినా నా చేతి కష్టం నాది. ఒకరు పెడితే తినే ఖర్మ పట్టలేదు.

టైర్ల షాపు వెనక గది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి ఉంటున్నాం. గోడంతా రబ్బరు వాసన.

నీది రాజభోగమే. మంచం, కిటికీ, డాక్టరు, పైగా భాష మాస్టారు! నేను భాష నేర్చుకున్నది తిట్లతో మొదలుపెట్టి. "నెమ్మదిగా" అనే మాట ఇంకా రాలేదు, దానితో అవసరం పడలేదు.

అమ్మ కన్ను సంగతి చదివి ఎంత హాయిగా ఉందో. అమ్మ నీ దగ్గరే ఉండటం మంచిదైందేమో. నా దగ్గరుంటే రబ్బరు వాసనకే పోయేది.

టపాకాయ బాగుంది. పొడుగైంది. రోజూ నాతోనే ఉంటుంది. మిగతావి తర్వాత రాస్తాను, దుప్పట్లు పిలుస్తున్నాయి.

నీ అర్ధమొగుడు (పూర్తి కోపంతో)


మార్చి 19

మరదలా,

"రాజభోగం" అన్నావు. నీ మాట అత్తయ్యకి చదివి వినిపిస్తే, "దానికి దూరపు కొండలు నునుపు" అంది. "ఒకరు పెడితే తినే ఖర్మ" అన్న వాక్యం మాత్రం చదవలేదు. అది నాకోసమే రాశావని తెలిసి నాలోనే ఉంచుకున్నాను.

నిజం చెప్పనా? నిన్ను చూస్తే నాకే కుళ్ళు. ఇక్కడ పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడతాం. గరిటె తిప్పే అమ్మాయి మంచిదే, నవ్వుతుంది. కానీ రోజూ ఒకరి నవ్వుకి ఎదురు నవ్వాల్సి రావడం ఎంత కష్టమో నీకు తెలియదు. నువ్వు మీ మేస్త్రమ్మ మీద అరవగలవు. నేను ఎవరిమీద అరవను?

ఊరుకోలేక ఒక పని చేశాను. వీధి చివర ఎవరో పాడైన చేతిమిషను పారేస్తే తెచ్చుకుని బాగుచేశాను. హాస్టలు పిల్లలకి దానంగా వచ్చిన ప్యాంట్లన్నీ ఏనుగులకి కుట్టినట్టున్నాయి. కత్తిరించి కుదించి ఇస్తున్నాను. వార్డెన్ వచ్చి "ఇది పని కిందికి వస్తుందమ్మా" అంది. "కాదు, గోళ్ళు గిల్లుకోవడం కిందికి వస్తుంది" అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయింది. ఆమెకీ ఈ రూల్సంటే పడదు.

ఇక అసలు సంగతి. బడి గురించి అడిగితే దాటేశావు. "రోజూ నాతోనే" అంటే ఏమిటి? తొమ్మిదేళ్ళ పిల్ల లాండ్రీలో ఏం చేస్తోంది? నాకు అనుమానంగా ఉంది. ఇక్కడ ఒక చట్టం ఉంది. కార్డు ఉన్నవాళ్ళు దగ్గర బంధువుల పిల్లల్ని చదువుకోసం పిలిపించుకోవచ్చు. టపాకాయని ఇక్కడికి పంపించెయ్. నేను చూసుకుంటాను. త్వరపడు, వచ్చే నెల ఇక్కడ ఎన్నికలు. గెలుస్తామంటున్నవాళ్ళు "మన ఇల్లు ముందు మనకి" అని గోడలనిండా రాస్తున్నారు. మా హాస్టలు గోడ మీద కూడా రాశారు. అత్తయ్య ఆ రాతలు చదవాలని భాష క్లాసుకి వెళ్తోంది. తిట్టేదేదో అర్థమైతే గానీ తిరిగి తిట్టలేను అంటోంది.

అత్తయ్య చెప్పి రాయిస్తున్న ముక్క: "అమ్మాయ్, వేళకి తిను. పిల్లని కొట్టకు. నీ వదిన మంచిదే గానీ గురక పెడుతుంది."

ఆ ఆఖరి మాట అబద్ధం.

నీ వదిన


ఏప్రిల్ 9

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, నేనే తప్పు చదివానేమోనని. లేదు. "టపాకాయని ఇక్కడికి పంపించెయ్." సామాను పంపమన్నట్టు.

అమ్మని తీసుకెళ్ళావు. సరే, తాడు సంగతి, నీ తప్పు కాదు. ఇప్పుడు కూతురు కావాలా? నీకూ అన్నయ్యకీ పిల్లలు లేకపోవడం ఎంత బాధో నాకు తెలుసు, నీ పక్కన కూర్చుని ఏడ్చినదాన్ని. కానీ దానికి మందు నా పిల్ల కాదు. నా పెళ్ళి ఎప్పుడో పెటాకులైంది. ఊరు పోయింది, ఇల్లు పోయింది. నాకు మిగిలింది ఈ ఒక్కతే. అదీ నీకు ఇచ్చేసి, ఈ రబ్బరు గదిలో గోడలు చూస్తూ కూర్చోమంటావా?

బడి గురించి దాచాను. ఎందుకు దాచానంటే, నువ్వు ఇలాగే అంటావని. విను. ఇక్కడి బడిలో చేర్చుకోరు. "అతిథుల పిల్లలు వాళ్ళ ఊరు వెళ్ళాక చదువుకుంటారు" అని హెడ్మిస్ట్రెస్ మొహం మీదే చెప్పింది. ఏ ఊరు? కాలిపోయిన ఊరా? పిల్ల లాండ్రీలో బట్టల బుట్టల మధ్య కూర్చుని హోటలువాళ్ళ పాత పత్రికలు చదువుతుంది. ఆవిరికి పేజీలు అంటుకుపోతే విడదీసి చదువుతుంది. 

అయినా పంపను. ఇక్కడే చదివిస్తాను. ఎలాగో నన్నడక్కు, నాకే తెలియదు. నీ మంచం, నీ కార్డు, నీ చట్టం నీ దగ్గరే ఉంచుకో.

అమ్మకి ఈ ఉత్తరం చదవకు.

(సంతకం పెట్టాలని లేదు)


ఏప్రిల్ 28

సంతకం పెట్టనిదానా,

చదివాను. అత్తయ్యకి చదవలేదు. కానీ ఆమెకి కొత్త కన్ను ఉంది కదా, నా మొహం చదివేసింది.

పిల్లలు లేని విషయంలో నువ్వన్నదానికి జవాబు రాయను. అది నిజమైతే బాధపడతాను, అబద్ధమైతే ఇంకా బాధపడతాను. వదిలెయ్.

కానీ ఒక్కటి తేల్చుకుందాం. పిల్లనొక్కదాన్నే పంపమని నేను అనుకోనేలేదు. పదేళ్ళలోపు పిల్లయితే తల్లి కూడా రావచ్చు. అది రాయలేదు, నిజమే. ఎందుకు రాయలేదంటే, నువ్వు వస్తే నాలాగే చేతులు ముడుచుకు కూర్చోవాలి. నీ చేతి కష్టం గురించి అంత గర్వంగా రాశావు. దాన్ని వదులుకుని పళ్ళెం పట్టుకోమని నిన్ను ఏ మొహంతో అడగను? నువ్వే అడుగుతావని ఊరుకున్నాను. నువ్వేమో కత్తి దూశావు.

ఎన్నికలు అయిపోయాయి. గోడల మీద రాసినవాళ్ళే గెలిచారు. బంధువుల్ని పిలిపించుకునే చట్టం మే నెలాఖరుతో ఎత్తేస్తున్నారు. ఈలోపు నువ్వు అక్కడి మా ఎంబసీలో... చూశావా, "మా" ఎంబసీ అంటున్నాను, పని కూడా చెయ్యనివ్వని దేశాన్ని... అక్కడికి వెళ్ళి నీ పేరూ పిల్ల పేరూ రాయించుకుంటే చాలు, మిగతాది నేను చూస్తాను. తల్లీబిడ్డలిద్దరూ రండి. మంచం మీద మీరు పడుకోండి, నేను కింద పడుకుంటాను. పని లేకపోతే పోట్లాడుకుందాం, అదీ పనే.

కోపం తర్వాత పడు. ముందు వెళ్ళు.

నీ వదిన


జూన్ 2

వదినా,

నీ ఉత్తరం నిన్న చేతికొచ్చింది. ఇక్కడ ప్రభుత్వం మారిన గొడవల్లో నెలంతా పోస్టాఫీసుకి తాళం. మే వెళ్ళిపోయింది. అయినా ఆగలేక ఎంబసీకి పరిగెత్తాను. కిటికీలో మనిషి వేలు పెట్టి గోడ మీది కాగితం చూపించాడు. నీ చట్టం చచ్చిపోయిందని అందులో ఉంది.

రోడ్డు మీద నిలబడి ఆలోచించాను. నేను ఆ మాటలు రాయకుండా ఉండాల్సింది. నువ్వు ఆ ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది. చెల్లుకి చెల్లు. ఇంక మనం ఒకరినొకరు తిట్టుకోవద్దు, తిట్టాల్సినవాళ్ళు వేరే చాలామంది ఉన్నారు.

ఇక్కడ కొత్తగా వచ్చినాయన మహా దయగలవాడట. అతిథులు అన్న మాట తీసేశాడు. మేం కూడా ఇప్పుడు శరణార్థులమే. కార్డు ఇస్తారట, తిండి పెడతారట, పిల్లలకి బడి కూడా ఉందట. వినగానే ఎగిరి గంతేశాను. ఆ తర్వాత మిగతాది చెప్పారు. కార్డు తీసుకున్నవాళ్ళు ఊళ్ళో ఉండకూడదు. సరిహద్దు దగ్గర మూసేసిన గనుల పక్కన గుడారాలు వేశారు, అక్కడే ఉండాలి. బయటికి వచ్చి పని చెయ్యకూడదు. నీ దేశం చూసి వీళ్ళు నేర్చుకున్నారు కాబోలు. నేర్చుకునేటప్పుడు మంచం, కిటికీ మర్చిపోయి, తాళం మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

కార్డు తీసుకుంటే బడి ఉంటుంది, పని ఉండదు. తీసుకోకపోతే పని ఉంటుంది, బడి ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కార్డులిచ్చే ఆఫీసులో గుమాస్తా "ఏది కావాలో త్వరగా చెప్పమ్మా, వెనక లైనుంది" అన్నాడు.

"రెండూ కావాలి" అన్నాను.

నవ్వాడు. "రెండూ ఎవరికీ లేవు."

"నీకున్నాయిగా. ఈ కుర్చీ నీ పని. నీ పిల్లలు ఇప్పుడు బడిలో ఉన్నారా లేదా?"

నవ్వు ఆపేశాడు. కార్డు తీసుకోకుండా వచ్చేశాను. లైన్లో నా వెనక ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా బయటికి వచ్చేశారు. "నువ్వేం చేస్తావో అదే మేమూ చేస్తాం" అన్నారు. ఏం చేస్తానో నాకే తెలియదని వాళ్ళకి చెప్పలేదు.

సోమవారం పిల్లల్ని తీసుకుని బడికే వెళ్తాం. గేటు తీస్తే లోపలికి, తియ్యకపోతే గేటు ముందే.

నువ్వు గురక పెడతావన్నది నిజం. ఇంట్లో అందరికీ తెలుసు.

నీ అర్ధమొగుడు


జూన్ 27

పిల్లా,

గుమాస్తాని నువ్వు అడిగిన మాట హాస్టలంతా చెప్పుకుంటున్నారు. అత్తయ్యే చాటింపు వేసింది, "నా కూతురు" అని ఛాతీ విరుచుకుని.

ఇక్కడ సంగతులు బాగాలేవు. కొత్త ప్రభుత్వం పని అనుమతికి ఆర్నెల్లు కాదు, మూడేళ్ళు ఆగాలంది. అత్తయ్య రెండో కంటి ఆపరేషన్ రద్దయింది. ప్రాణం పోయేదైతేనే శరణార్థులకి ఆపరేషన్ అట. వార్డెన్‌ని మార్చేశారు. కొత్తాయన మొదటిరోజే నా మిషను చూసి, గదిలో పెట్టకూడదన్నాడు. "గదిలో వద్దంటే బయట పెడతాను" అన్నాను. బెదిరింపనుకున్నాడు. నేను నిజంగానే పెట్టాను. గేటు బయట, ఫుట్‌పాత్ మీద, కుర్చీ, బల్ల, మిషను. అట్టముక్క మీద వాళ్ళ భాషలోనే రాశాను: "నేను పని చేస్తున్నాను." అక్షరదోషాలు మాస్టారే దిద్దిపెట్టాడు.

మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండోరోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

"బోర్డు ఉంది కదండీ."

"నీకు పని చేసే హక్కు లేదు."

"ఎవరిదగ్గరా ఏమీ తీసుకోవట్లేదు."

"తీసుకోకపోయినా పనే. ఇక్కడివాళ్ళకి దక్కాల్సిన పని."

"మరి మీ మంత్రిగారు టీవీలో మేం సోమరిపోతులమని అన్నారే! ఏదో ఒకటి తేల్చండి బాబూ. మేం పనిదొంగలమా, పని దొంగిలించేవాళ్ళమా? రెండూ ఒకేసారి ఎలా అవుతాం?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఎదురింట్లో ఒక రిటైరైన ట్రామ్ కండక్టరు ఉంటాడు. ఇన్నాళ్ళూ మా వైపు చూసి ఎరగడు. ఆయన కోటు పట్టుకుని వచ్చి ఇన్‌స్పెక్టరు ముందే "అమ్మా, బొత్తాం ఊడింది, కుట్టిపెట్టు" అన్నాడు. చూస్తే బొత్తాం ఊడలేదు. కత్తెరతో కత్తిరించినట్టు దారం చివరలు నున్నగా ఉన్నాయి. కుట్టి ఇచ్చాను. మర్నాటి నుంచి ఆ వీధిలో చొక్కాలకీ కోట్లకీ బొత్తాలన్నీ అంటురోగం వచ్చినట్టు ఊడిపోవడం మొదలుపెట్టాయి.

అందరూ అలా లేరు. ఎవరో వెళ్తూ వెళ్తూ ఉమ్మేశారు కూడా. అత్తయ్య పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒంటి కన్నుతోనే. ఉమ్మినవాడిని ఆమె ఏమందో రాయను, క్లాసులో నేర్పిన మాటలు మాత్రం కావు.

నిన్న మిషను పట్టుకుపోయారు. ఇవాళ చేత్తో కుడుతున్నాను. సూదిని కూడా పట్టుకుపోతే అప్పుడు చూద్దాం.

బడి గేటు తెరిచారా?

నీ వదిన


జూలై 24

వదినా,

గేటు తియ్యలేదు. అయినా పిల్లలు చదువుతున్నారు. ఎలాగో విను.

మూడు రోజులు గేటు ముందు కూర్చున్నాం. మేం పనికి వంతులవారీగా వెళ్ళాం. మా మేస్త్రమ్మ, నేను ఆడిపోసుకునే ఆవిడే, నా డ్యూటీ మార్చింది. ఎందుకని అడిగితే "నీ గోల వినలేక" అంది. నాలుగోరోజు టపాకాయ వెళ్ళి బడి పక్క సందులో, తరగతి కిటికీ కింద కూర్చుంది. మిగతా పిల్లలు దాని వెనక. లోపల టీచరు ఎక్కాలు అడుగుతోంది. "ఏడెనిమిదులు?" లోపల ఎవరూ చెప్పలేదు. కిటికీ కిందినుంచి మనది "యాభై ఆరు!" అని అరిచింది.

లోపల నవ్వులు. టీచరు కిటికీ మూసేసింది. ఎండకి ఉండలేక మళ్ళీ తీసింది. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ కింద నుంచి జవాబు. లోపలి పిల్లలు పంతం పట్టి వాళ్ళూ అరవడం మొదలుపెట్టారు. ఆ వారం చదివినంత బాగా ఆ క్లాసు ఎప్పుడూ చదవలేదని టీచరే తర్వాత చెప్పింది. చివరికి ఆవిడ బయటికి వచ్చి "ఈ కేకలు లోపలే వెయ్యండి, నాకు మెడ నొప్పి పుడుతోంది" అని పక్క తలుపు తీసింది.

హెడ్మిస్ట్రెస్ కేకలు వేసింది. పైనుంచి అధికారి కూడా దిగాడు. కానీ ఆయన వస్తూనే పిల్లల ముందు హెడ్మిస్ట్రెస్‌నే గద్దించాడు, బడి నడపడం చేతకాదన్నాడు.  ఆవిడ "నా బడిలో ఎవరు కూర్చోవాలో నాకు తెలుసు. మీరు దయచెయ్యండి" అంది. మన మీద ప్రేమ కాదు, వదినా. ఆయన మీద కోపం. నాకేం? ఎవరి కోపమైతేనేం, పిల్లకి బల్ల దొరికింది.

సగం గెలుపే. హాజరు వెయ్యరు, పరీక్ష పెట్టరు, సర్టిఫికెట్ రాదు. పైగా ఈ నెలాఖరులోగా కార్డు తీసుకుని గనులకి వెళ్ళనివాళ్ళు దొంగచాటుగా ఉన్నట్టే లెక్క అని చాటించారు. నేను దొంగచాటుగా ఎప్పుడున్నాను? వీధంతా నా గొంతు వింటూనే ఉంది. వెళ్ళను. పట్టుకుపోతే పట్టుకుపోనీ, బడి గేటు ముందునుంచే ఈడ్చుకెళ్ళాలి, పిల్లలందరూ చూస్తుండగా.

అమ్మ కన్ను సంగతి చదివి మనసు మనసులో లేదు. ఇక్కడ ధర్మాసుపత్రిలో కార్డు అడగరు. ఎవరొచ్చినా కంటి ఆపరేషన్ చేస్తారు. వైద్యానికొచ్చే ముసలివాళ్ళని సరిహద్దులో ఆపరట. ఇదొక్కటి ఇంకా ఏ ప్రభుత్వానికీ గుర్తురాలేదు, గుర్తురాకముందే రావాలి. అమ్మని పంపు వదినా. నీ దగ్గరనుంచి లాక్కోవాలని కాదు. ఈసారి ఆ మాట ముందే రాస్తున్నాను, మళ్ళీ అపార్థం రాకుండా.

నీ అర్ధమొగుడు


ఆగస్టు 19

అమ్మాయ్,

ఇది నేనే, మీ అమ్మని. నా చేత్తో నేనే రాస్తున్నాను. వరసలు పైకీ కిందికీ పోతున్నాయి, సర్దుకుని చదువుకో.

నీ వదినని పోలీసులు తీసుకెళ్ళారు. భయపడకు, ముందు మొత్తం చదువు.

మమ్మల్ని ఇక్కడినుంచి ఖాళీ చేయించి, ఎక్కడో మూసేసిన విమానాశ్రయం దగ్గర పెడతామని ఆర్డరు వచ్చింది. అక్కడ బడి లేదు, డాక్టరు లేడు, ట్రామ్ లేదు. నీ వదిన ఫుట్‌పాత్ మీద కూర్చున్నందుకే ఇదంతా అని కొందరు గొణిగారు. "అది కూర్చోకపోతే మనల్ని పల్లకీలో మోసేవాళ్ళా?" అని అడిగాను. 

ఇవాళ పొద్దున బస్సు వచ్చింది. అందరినీ ఎక్కమన్నారు. నీ వదిన ఎప్పటిలాగే కుర్చీ వేసుకుని, ఎవరిదో పాపాయి గౌను అంచు కుడుతూ కూర్చుంది. లెమ్మన్నారు. "అంచు అయ్యాక లేస్తాను" అంది. అంచు అయింది. ఇంకో గౌను తీసింది. అప్పుడు ఇద్దరు పోలీసులు వచ్చి చెరో రెక్కా పట్టుకుని లేపారు. అది అరవలేదు, ఏడవలేదు. బట్ట నా ఒళ్ళో పెట్టి "అత్తయ్యా, కుట్లు చిన్నవి వెయ్యండి" అని చెప్పి వెళ్ళింది. నాకు కుట్లు నేర్పుతుందా అది! దానికి పెళ్ళిచీర జాకెట్టు కుట్టింది నేను.

వెళ్ళి దాని కుర్చీలో కూర్చున్నాను. కుట్టడం మొదలుపెట్టాను. ఇన్‌స్పెక్టరు వచ్చి "నువ్వు కూడానా ముసలమ్మా" అన్నాడు. వాళ్ళ భాషలోనే చెప్పాను, నేర్చుకున్నది ఊరికే పోకూడదు కదా: "బాబూ, దాన్ని తీసుకెళితే నేను. నన్ను తీసుకెళితే నా వెనక ఇంకొకరు. నీ బండిలో చోటు చూసుకో." వెనక్కి చూస్తే నిజంగానే ఒకరు నిలబడి ఉన్నారు. ఆ వెనక ఇంకొకరు. ఆ కండక్టరు కూడా ఉన్నాడు, చేతిలో సూది పట్టుకుని. ఆయనకి కుట్టడం రాదు.

ఎవరూ బస్సెక్కలేదు. మధ్యాహ్నం దాకా చూసి, డ్రైవరు "ఖాళీ బండి తోలడానికి నన్నెందుకు పిలిచారు" అని విసుక్కుని తీసుకుపోయాడు. మళ్ళీ వస్తుంది, తెలుసు. వస్తే మళ్ళీ కూర్చుంటాం.

నన్ను రమ్మన్నావు. రాను తల్లీ. నువ్వు నా కడుపున పుట్టావు, ఇది నా కష్టంలో పుట్టింది. ఇద్దరూ కూతుళ్ళే, కానీ ఇప్పుడు కుర్చీ ఇక్కడ ఖాళీగా ఉండకూడదు. కన్ను అంటావా, వీళ్ళని చూడ్డానికి ఒకటి చాలు. నువ్వు గనులకి వెళ్ళకు. పిల్ల బల్ల వదలొద్దు. ఎవరైనా లేపితే, పక్కదాన్ని కూర్చోబెట్టి లే.

ఇక్కడిదాకా రాసేసరికి నీ వదిన వచ్చేసింది. సాయంత్రం వదిలేశారట. కింద అది రాస్తుంది, జరుగుతాను.

మరదలా, నేను బాగానే ఉన్నాను. స్టేషన్లో ఒక పోలీసు చొక్కాకి భుజం కుట్టు విడిపోయి ఉంది. చూస్తూ ఊరుకోలేక సూది అడిగాను. ఇవ్వలేదు. అలాగే వేలాడేసుకుని తిరుగుతున్నాడు, వాడి ఖర్మ.

వచ్చేసరికి అత్తయ్య నా కుర్చీలో ఉంది. లెమ్మన్నాను, పొద్దుటినుంచి కూర్చున్నారు, నడుము పోతుందని. లేవనంది. కండక్టరుగారింటినుంచి ఇంకో కుర్చీ తెప్పించి పక్కన వేశాను. ఇప్పుడు ఇద్దరం కుడుతున్నాం.

అత్తయ్య కుట్లు నిజంగానే నావాటికంటే చిన్నవి. ఈ మాట ఆమెకి చెప్పకు.

నీ వదిన, మీ అమ్మ
గేటు ముందునుంచి